ఒకే చేతిరాత

ముత్యాలకోడు – 14

గురువారం నాడు సచివాలయంలో ముగ్గురు కొత్త మంత్రులు ఒకరి వెనక ఒకరు బాధ్యతలు తీసుకున్నారు. వైద్యారోగ్యం ఎగువ జిల్లాల నుంచి వచ్చిన ఒకావిడకు దక్కింది. శాస్త్ర సాంకేతికం ఇంజనీరింగు చదివిన ఒక యువ ఎమ్మెల్యేకు ఇచ్చారు. పర్యావరణం మన భీమవరం డాక్టరు శ్రీనివాసరాజు గారి చేతికొచ్చింది. "డాక్టరుకి ఆరోగ్యం ఇవ్వకుండా పర్యావరణం ఇవ్వడమేంటండి" అని టీవీలో ఎవరో నవ్వారు గానీ, చినమెరక ఊరు నవ్వలేదు. టపాకాయలు కాల్చింది.

ఎందుకు కాల్చదు? పదకొండేళ్ళ నుంచి రొయ్యల ఫ్యాక్టరీ వదిలే నీళ్ళు ముత్యాలకోడు కాలవలో కలిసి, ఊళ్ళో బోర్లన్నీ పాడై, జనం ఒంటినిండా దురదలతో, కొనుక్కున్న టిన్ను నీళ్ళతో బతుకుతున్నారు. ఆ పదకొండేళ్ళూ వాళ్ళ తరఫున కోర్టు మెట్లెక్కింది ఆ డాక్టరే. ఆయన కోర్టు ముందు పెట్టిన ఆధారం ఊరి నర్సమ్మ రత్నమాణిక్యం రాసిన ఏడు నోటు పుస్తకాలు. ఏ ఇంట్లో ఎవరికి ఏ రోగం, ఏ నెలలో, ఎన్నాళ్ళు, ఏ తల్లికి కడుపు నిలవలేదు, అన్నీ ఆమె చేతిరాతలోనే ఉన్నాయి. ఇప్పుడు మంత్రి కుర్చీలో కూర్చున్న డాక్టరు గారు తొలి సంతకం ముత్యాలకోడు ఫైలు మీదే పెట్టారు. తొంభై రోజుల్లో ఫ్యాక్టరీ తన నీళ్ళు కోడులోకి వదలడం ఆపెయ్యాలి.

ఆ ఆర్డరు ఫోన్లో వస్తే ప్రింటు తీయించి, పంచాయతీ ఆఫీసు ముందు షామియానాలో పోరాట కమిటీ ప్రెసిడెంటు జగన్నాథరాజు గారు గట్టిగా చదివారు. చదివింది మొదటి పేజీ. మిగిలిన రెండు పేజీలూ మడిచి లాల్చీ జేబులో పెట్టుకున్నారు. ఆ సందట్లో అది చూసింది రత్నమాణిక్యం ఒక్కతే.

తెల్లారి శుక్రవారం. మంత్రిగారు భీమవరంలో సొంతింటికి వస్తున్నారని కబురొచ్చింది. చినమెరక నుంచి ఆరు కార్లు బయల్దేరాయి. ముందు కారులో జగన్నాథరాజు గారు, ఆయన పక్కన రత్నమాణిక్యం, వెనక డిక్కీలో గజమాల, ఆత్రేయపురం నుంచి ప్రత్యేకంగా తెప్పించిన పూతరేకుల డబ్బాలు. ఆమె భర్త విజయ్ పాల్‌కి నరసాపురం డిపోలో బస్సు డ్యూటీ పడింది. అతను రాలేకపోయాడు.

ఊరు దాటి కార్లు రోడ్డెక్కాయి. అప్పుడు అడిగింది రత్నమాణిక్యం.

"రాజు గారండి, ఆ ఆర్డరు ఒకసారి ఇటివ్వండి."

"నిన్న చదివాను కదమ్మా. ఇంకేముందందులో? అంతా గవర్నమెంటు భాష."

"మూడు పేజీలున్నాయండి. మీరు ఒకటే చదివారు."

జగన్నాథరాజు గారికి డెబ్భై రెండేళ్ళు. రిలే నిరాహార దీక్షలో ఆ వయసులో తొమ్మిది రోజులు కూర్చున్న మనిషి. ఇరవై రెండేళ్ళ పిల్లగా రత్నమాణిక్యం ఏఎన్ఎం ఉద్యోగానికి ఆ ఊరొస్తే, సముద్రపొడ్డు పిల్లకి అద్దెకి గదివ్వడానికి నలుగురు వెనకాడిన రోజుల్లో, ఆయన భార్య మహాలక్ష్మమ్మ గారు ఆరు నెలలు తమ ఇంట్లో అన్నం పెట్టారు. ఆ ఇంటిని మాణిక్యం తన పుట్టిల్లు తర్వాత పుట్టిల్లు అనుకుంది. ఈ ఇరవై మూడేళ్ళలో ఆయన ముఖం తిప్పుకుని మాట్లాడటం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇవాళ కిటికీలోంచి చేపల చెరువుల గట్లు చూస్తూ మాట్లాడుతున్నారు.

"ఇవాళొద్దులే అమ్మాయ్. మంచిరోజు."

"మంచిదైతే దాచడమెందుకండి?"

ఆయన జేబులోంచి కాగితాలు తీసి ఆమె ఒళ్ళో పెట్టారు. ఎలాగూ తెలిసేదే అనుకున్నారో, తనుగా చెప్పే ధైర్యం లేక చదువుకోనిమ్మన్నారో.

రెండో పేజీలో ఉంది: ఫ్యాక్టరీ నీళ్ళు ఇకపై ఇరవై రెండు కిలోమీటర్ల పైపులైనులో సముద్రంలోకి వెళ్తాయి. పైపు చివర ఎక్కడ అంటే, ఉప్పుతిప్ప గ్రామ తీరం, ఒడ్డుకి మూడు వందల మీటర్ల దూరాన.

ఉప్పుతిప్ప రత్నమాణిక్యం పుట్టిన ఊరు. అక్కడ ఇప్పటికీ ఆమె తమ్ముడు బుల్లియ్య తెల్లవారుజామునే ఒడ్డున నిలబడి పదిమందితో కలిసి అలివి వల లాగుతాడు. అలివి వల పడేది మరీ లోపలేం కాదు. రెండు మూడు వందల మీటర్ల లోపే.

మూడో పేజీ తిప్పింది. ఉప్పుతిప్పనే ఎందుకు ఎంచుకున్నారో అందులో రాశారు. "గ్రామంలోని నాలుగు వందల పన్నెండు గృహాలలో ఆరోగ్య సర్వే జరిగినది. చర్మ, శ్వాస, ఉదర సంబంధ వ్యాధులు చెప్పుకోదగిన సంఖ్యలో లేవు. కావున ఈ తీరము అదనపు భారమును తట్టుకొనగలదని భావించడమైనది. సర్వే చేసినవారు: కె. రత్నమాణిక్యం, ఏఎన్ఎం."

తన పేరు తనే రెండుసార్లు చదువుకుంది.

ఫిబ్రవరిలో డాక్టరు గారు ఫోను చేసి, "సిస్టర్, మీ ఉప్పుతిప్పలో పెద్ద మెడికల్ క్యాంపు పెడదామనుకుంటున్నా. ముందో సర్వే కావాలి. మీరైతే జనం నోరు విప్పుతారు" అన్నారు. ఆమె సెలవు పెట్టుకుని మరీ వెళ్ళింది. తొమ్మిది రోజులు గడప గడపా తిరిగింది. బయటివాళ్ళు వస్తే తలుపు ఓరగా తీసే ఆడవాళ్ళు, "మన మాణిక్యమే" అని చాప పరిచారు. ముసలమ్మలు చీర కుచ్చెళ్ళు ఎత్తి కాళ్ళు చూపించారు. ప్రతి ఇంట్లో ఏదో ఒకటి తినక తప్పలేదు. చినమెరకలో పదకొండేళ్ళు "ఉంది, ఉంది" అని రాసి రాసి విసిగిన చెయ్యి, ఉప్పుతిప్పలో ఫారం మీద "లేదు, లేదు, లేదు" అని రాస్తుంటే ఎంత హాయిగా ఉందో! నా పుట్టిల్లు చల్లగా ఉంది అనుకుంది. ఆ హాయిని తీసుకెళ్ళి ఆర్డరులో మూడో పేజీ చేశారు.

"మెడికల్ క్యాంపుకన్నారు కదండి" అంది.

"క్యాంపు కూడా పెడతారమ్మా."

"మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

జగన్నాథరాజు గారు కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు. అప్పటికే అది శుభ్రంగానే ఉంది. "నువ్వు డాక్టరు గారినే అడుగు. పెద్దవాళ్ళు, వాళ్ళకి అన్నీ తెలుస్తాయి" అన్నారు.

డాక్టరు గారి నర్సింగు హోం వీధిలో కారు దూరే సందు లేదు. ఫ్లెక్సీలు, డప్పులు, క్రేనుకి వేలాడే యాపిల్ పళ్ళ దండ. పక్క స్థలంలో వేదిక కట్టారు. కుర్చీలన్నీ అప్పుడే నిండిపోయాయి. మంత్రిగారు ఇంకా లోపలే ఉన్నారు. రత్నమాణిక్యం కారు దిగి ఎవరి కోసమూ ఆగలేదు. పోలీసు ఆపబోతే, పీఏ ఆమెను గుర్తుపట్టి, "రండి రండి, సార్ మీ గురించే అడిగారు" అని లోపలికి పంపించాడు.

ఆయన తన పాత కన్సల్టింగు రూములోనే కూర్చున్నారు. పేషెంట్లను పడుకోబెట్టి చూసే మంచం మీద మోకాలెత్తున పూలదండలు పడి ఉన్నాయి. ఆమెను చూడగానే లేచి నిలబడ్డారు. మంత్రి అయినా లేచారు.

"రండి సిస్టర్! చూశారా, తొలి సంతకం. మీకు మాటిచ్చానా లేదా?"

ఆ ముఖంలో సంతోషం దొంగది కాదు. అందుకే ఆమెకి మరీ భయమేసింది. చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టింది, మూడో పేజీ పైకి ఉండేలా.

ఆయన చూశారు. పీఏని బయటికి పంపించి తలుపు వేశారు.

"కూర్చోండి."

"పర్వాలేదండి."

"సిస్టర్, ఆ ఫ్యాక్టరీ మూసేయమని ఏ కోర్టూ చెప్పదు. అందులో రెండు వేల మంది ఆడపిల్లలు పని చేస్తున్నారు. నీళ్ళు ఎక్కడికో అక్కడికి పోవాలి. పొలాల్లోకి పోకూడదు, తాగేనీళ్ళలో కలవకూడదు. ఇక మిగిలింది సముద్రమే. సముద్రం పెద్దది."

"సముద్రం పెద్దదేనండి. మావాళ్ళు వేటాడేది ఒడ్డు పక్కన. మూడు వందల మీటర్లంటే మా తమ్ముడి వల పడేచోటు. ఆ నీళ్ళు చినమెరకలో ఏం చేశాయో మీకు రాసిచ్చింది నేను. మీరు చదివారు. నా ముందే చదివి, ఒకసారి కళ్ళు కూడా తుడుచుకున్నారు."

"శుద్ధి చేసిన నీళ్ళు..."

"ఇక్కడా శుద్ధి చేసే వదులుతున్నామన్నారండి, పదకొండేళ్ళూ. ఆ మాట అబద్ధమని కోర్టులో చెప్పింది మీరే."

బయట డప్పులు మోగుతున్నాయి.

"నేను వాళ్ళు ఆరోగ్యంగా ఉన్నారని రాశాను" అంది ఆమె. "విషం పోస్తే తట్టుకుంటారని రాయలేదండి."

"రాసింది మీరు. దానికి అర్థం చెప్పేది కాలుష్య నియంత్రణ బోర్డు వాళ్ళు."

"సర్వే చేసింది ఫిబ్రవరిలో. అప్పటికి మీరు మంత్రి కాలేదు. మంత్రివర్గం మారుతుందని కూడా ఎవరికీ తెలీదు. అంటే అప్పుడే... ఫ్యాక్టరీ వాళ్ళతో అప్పుడే మాటైపోయిందా అండి?"

ఆయన బల్ల మీద పేపర్‌వెయిట్‌ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరిపారు. రత్నమాణిక్యానికి అది చాలు. ఎన్ని వందల ఇళ్ళల్లో చూసిందో, అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకుండా చేతికందిన వస్తువు సర్దే మనుషుల్ని.

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయిందండి నా పని" అంది. ఏడుపు వస్తుందేమో అనుకుంది గానీ రాలేదు. "ఆ సర్వే నాది కాదని చెప్తాను. తప్పుగా చేశానని, నాకు రాయడం రాలేదని రాసిస్తాను. ఉద్యోగం పోతే పోనివ్వండి."

"ఉద్యోగం ఎందుకు పోవడం? కొత్త ఆరోగ్య మంత్రిగారితో నిన్ననే మాట్లాడాను. రాజమండ్రిలో సూపర్‌వైజరు పోస్టుంది. మీ పేరు చెప్పాను."

"నాకు పోస్టు వద్దండి!"

ఆయన నిట్టూర్చారు. డాక్టర్లు చెడ్డ కబురు చెప్పేముందు కుర్చీ ముందుకి లాక్కుంటారు. ఆయన అలాగే లాక్కుని, అదే మెత్తని గొంతుతో చెప్పారు.

"సర్వే తప్పని మీరు రాసిస్తే ఏమవుతుందో ఆలోచించారా? కోర్టులో కేసు ఇంకా నడుస్తోంది. మీ ఏడు పుస్తకాలూ ఒక నర్సు కల్పించిన రాతలని ఫ్యాక్టరీ లాయరు మొదట్నుంచీ అంటున్నాడు. ఈ సర్వేలోనూ, ఆ ఏడు పుస్తకాల్లోనూ ఒకే చేతిరాత, సిస్టర్. ఇది అబద్ధమని మీరే ఒప్పుకుంటే, అవి నిజమని ఏ జడ్జీ నమ్ముతాడు? అదొకటి. రెండోది, పేజీలు మూడైనా ఆర్డరు ఒక్కటే. మూడో పేజీ చింపితే మొదటి పేజీ కూడా పోతుంది. తొంభై రోజులూ పోతాయి, అన్నీ పోతాయి." కాస్త ఆగారు. "పంచాయతీ ఆఫీసులో పనిచేసే శ్రీదుర్గకి ఇప్పుడు అయిదో నెల కదా?"

రత్నమాణిక్యం గోడకి చెయ్యి ఆనించింది.

శ్రీదుర్గకి రెండుసార్లు కడుపు పోయింది. రెండుసార్లూ ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది తనే. ఆ రెండు తేదీలూ ఆరో పుస్తకంలో ఉన్నాయి. నిన్న టపాకాయలు కాలుస్తుంటే పొట్ట మీద చెయ్యేసుకుని దూరంగా నిలబడి, "ఈసారి నిలుస్తుందంటారా అక్కా?" అని అడిగింది. "నిలుస్తుందే పిచ్చిదానా" అని తను నవ్వింది.

ఈయనకి ఆ పిల్ల నెలలు కూడా తెలుసు. తను చెప్తేనే తెలుసు.

"మీరు డాక్టరండి" అంది. "రోగం ఒకరి ఒంట్లోంచి తీసి ఇంకొకరి ఒంట్లో పెట్టడం వైద్యమని మీకు ఎవరు నేర్పారు?"

ఆ మాట ఆయనకి తగిలింది. ముఖం ఎర్రబడింది. "నాకు ఓటేసిన ఊరు చినమెరక, సిస్టర్. నేను అందరికీ దేవుణ్ణి కాను" అన్నారు. అంతలోనే గొంతు సర్దుకున్నారు. "అయినా ఉప్పుతిప్ప వాళ్ళకి లేని బాధ మీకెందుకు? వాళ్ళు ఒప్పుకున్నారు."

"మావాళ్ళా? ఒప్పుకోరు."

"ఒప్పుకున్నారు. అంగీకార పత్రం ఫైల్లో చేరింది."

"ఎవరు, ఎప్పుడు..."

పీఏ తలుపు తట్టాడు. కలెక్టరు గారు వచ్చారు, వేదిక మీదకి టైమైంది అన్నాడు. మంత్రిగారు లేచి కండువా సరిచేసుకున్నారు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, "మీరు కూడా మాట్లాడాలి సిస్టర్. కార్యక్రమంలో మీ పేరు వేయించాను. నేను గెలిచింది మీ పుస్తకాలతోనే అని అందరికీ చెప్తాను. అది మాత్రం అబద్ధం కాదు" అన్నారు.

ఆమె బయటికొచ్చేసరికి జనం కేకలతో ఏమీ వినబడటం లేదు. మాలలు పడుతున్నాయి. చినమెరక ఆడవాళ్ళు ఆమె భుజాల మీద చేతులేసి, "నర్సమ్మ గారూ, ఇదంతా మీ చలవే" అంటున్నారు. ఆ చేతుల మీది మచ్చలన్నీ ఆమెకి పేరుపేరునా తెలుసు. వీళ్ళలో ఎవరికి తెలుసో, ఎవరికి తెలీదో అని ఒక్కొక్క ముఖమూ వెతుక్కుంది. తెలిసినవాళ్ళు తనని చూసి ఇంత నవ్వగలరా అనుకుంది. జగన్నాథరాజు గారు నవ్వగలిగారుగా ఇన్నాళ్ళూ అని కూడా అనుకుంది.

"అక్కా!"

ఆ గొంతు వినగానే కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ముందు వరుసల పక్కన బుల్లియ్య. ఉతికిన చొక్కా, మెడలో కొత్త తువ్వాలు, రెండు చేతులతో ఎత్తి పట్టుకున్న పెద్ద పండుగప్ప చేప. ఆరేడు కేజీలుంటుంది. అతని వెనక ఉప్పుతిప్ప మనుషులు ముప్పై మంది దాకా ఉన్నారు. ట్రాక్టరు కట్టించుకుని వచ్చారట. పెద్దమ్మ వరసయ్యే లోవమ్మ కూడా వచ్చింది. ఆవిడ ఊరు దాటి పదేళ్ళయ్యుంటుంది.

"మీరెందుకొచ్చార్రా?"

"ఎందుకేంటక్కా, మంత్రిగారికి దండెయ్యొద్దా? మన మాణిక్యం డాక్టరు మంత్రయ్యాడని ఊరంతా ఒకటే గోల. రాత్రి వేటలో ఇది పడింది, ఆయన కోసమే పడిందని పట్టుకొచ్చాం." బుల్లియ్య ముఖం వెలిగిపోతోంది. "అయినా నువ్వు మామూలుదానివి కాదక్కా! ఒక్కమాట ముందు చెప్పావా? పైపులైను వేయిస్తున్నావంట కదా మనూరికి!"

"ఎవరు చెప్పార్రా నీకు?"

"ఇరవై రెండు కిలోమీటర్లంట! మొత్తం భూమిలోంచే అంట! ఇంక మన ఆడోళ్ళు ఇసకలో చెలమలు తవ్వుకుని చెంబులతో తోడుకోనక్కర్లేదు. మంచినీళ్ళు గుమ్మంలోకి వచ్చేత్తాయి. పెద్దమ్మయితే బిందె కూడా కొనేసింది." వెనక నుంచి లోవమ్మ బోసినోటితో నవ్వి, మాణిక్యం చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకుంది.

రత్నమాణిక్యం ఆ చెయ్యి వెనక్కి లాక్కోలేకపోయింది. "బుల్లియ్యా, మీరేమైనా కాగితం మీద సంతకాలు పెట్టారా?"

"ఆయ్. బుధవారం నాడే. ఇంటికొకరు. సంతకం రానోళ్ళం వేలిముద్రలేశాం. చదివి వినిపిస్తామన్నారు గానీ, మనమే అక్కర్లేదన్నాం. నీ పేరు చెప్పాక ఇంక చదివేదేంటి?"

"నా పేరు ఎవరు చెప్పార్రా?" అంది. ఆమె గొంతులో మార్పు అతనికి అప్పుడు వినబడింది. నవ్వు కాస్త తగ్గింది.

"అదేంటక్కా. నువ్వే పంపావన్నారు. నువ్వు డ్యూటీలో ఉండి రాలేకపోయావనీ, నీ తరఫున వచ్చాననీ..." బుల్లియ్య చేప బరువుతో చేతులు ఖాళీ లేక, గడ్డంతో వేదిక కేసి చూపించాడు. "అదుగో, మంత్రిగారి పక్కన కూర్చున్నారే, కళ్ళజోడు తుడుచుకుంటా. ఆ రాజు గారే."

వేదిక మీద జగన్నాథరాజు గారు కళ్ళజోడు పెట్టుకుని, జనంలో ఆమెనీ, ఆమె పక్కనున్న బుల్లియ్యనీ ఒకేసారి చూశారు. చూసి తల దించుకున్నారు.

అప్పుడే మంత్రిగారు మైకు ముందుకొచ్చారు. "నా విజయానికి అసలు కారణం ఒక నర్సు" అన్నారు. చప్పట్లు. "ఆవిడ చేతిరాత లేకపోతే ఈ శ్రీనివాసరాజు లేడు" అన్నారు. ఇంకా చప్పట్లు. "సిస్టర్ రత్నమాణిక్యం గారిని రెండు మాటలు మాట్లాడవలసిందిగా కోరుతున్నాను."

చినమెరక ఆడవాళ్ళు ఆమెను తోసుకుంటూ మెట్ల దాకా తీసుకెళ్ళారు. అయిదు మెట్లు. ఎక్కింది. మంత్రిగారు మైకు చేతికిస్తూ, ఎవరికీ వినబడకుండా, "అయిదో నెల, సిస్టర్" అన్నారు.

ఆమె జనంలోకి చూసింది. ఎడమవైపు చినమెరక. కుడివైపు ఉప్పుతిప్ప. రెండువైపులా తనవాళ్ళే. మైకు నోటి దగ్గర పెట్టుకుంది. ఆమె ఊపిరి శబ్దం బాక్సుల్లోంచి వీధి చివరిదాకా వినిపించింది.

బుల్లియ్య చేపని పక్కవాడి చేతిలో పెట్టేసి, అక్క ఏం చెబుతుందో వినకముందే, అందరికంటే ముందు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు.